చదువుకునే గదిలో కెమెరా

2022లో, వానలు మొదలైన రోజుల్లో, మెట్‌పల్లిలోని నా దుకాణానికి మస్కట్ నుంచి ఒక ఫోన్ వచ్చింది. నేను సీసీ కెమెరాలు బిగించే పని చేస్తాను. మా దగ్గర ఈ గిరాకీలో సగం గల్ఫ్ నుంచే ఉంటుంది. ఇల్లు ఇక్కడ, ఇంటాయన అక్కడ. కొత్తగా కట్టిన ఇంటి గేటు కనిపించాలని ఒకరు, పొలం దగ్గరి మోటారు దొంగలపాలు కాకూడదని ఇంకొకరు అడుగుతారు. ఒకాయన కోళ్ల గూటికి కెమెరా పెట్టించుకున్నాడు. తీరా దొంగ పక్కింటి పిల్లి అని తేలేసరికి, ఇంత ఖర్చు పిల్లి కోసమా అని నా మీద పడ్డాడు. దొంగను నేను తేలేదు, కెమెరానే తెచ్చానని చెప్పి పంపించాను.

ఆ రోజు ఫోన్ చేసినాయన పేరు మల్లేశం. మెట్‌పల్లికి దగ్గరి పల్లె ఆయనది. మస్కట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు.

"తమ్మీ, ఒక కెమెరా కావాలె. గేటుకు కాదు. నా బిడ్డ చదువుకునే కాడ పెట్టాలె."

ఎందుకన్నా అని అడిగాను.

"తొమ్మిదో తరగతికి వచ్చింది. దాని తల్లి బీడీలు చేసుకుంట ఎంతని సూస్తది? మా అవ్వ ముసల్ది. పిల్ల చేతిల ఫోన్ ఉంటది, దోస్తులుంటరు. నేను రెండేండ్లకోపారి వస్త. బిడ్డ చెయ్యి జారితే ఇక్కడ్నించి నేనేం పట్టుకుంట, నువ్వే చెప్పు."

ఆ గొంతులో భయం తెలుస్తూనే ఉంది. పిల్లలున్నవాణ్ని, కాదనలేకపోయాను. పడుకునే గదిలో మాత్రం పెట్టనని ముందే చెప్పాను. నడిమింట్లో పిల్ల చదువుకునే బల్లకు ఎదురుగా పెడితే చాలన్నాడు.

ఆయన కోరింది పీటీజడ్ రకం. అంటే తల తిరిగే కెమెరా. అక్కడ ఫోన్ మీద వేలితో లాగితే ఇక్కడ దాని తల అటూ ఇటూ తిరుగుతుంది. ఆటో ట్రాకింగ్ అని ఇంకో సౌకర్యం ఉంటుంది, అది వేస్తే మనిషి ఎటు కదిలితే కెమెరా అటే తిరుగుతుంది. టూ-వే ఆడియో కూడా ఉంది. మస్కట్‌లో ఆయన మాట్లాడితే కెమెరాలోంచి ఇక్కడ వినిపిస్తుంది, ఇక్కడి మాటలు ఆయనకు వినిపిస్తాయి.

నేను స్టూలెక్కి స్క్రూలు బిగిస్తుంటే ఆయన కూతురు శ్రావణి గుమ్మంలో నిలబడి చూసింది. రెండు జడలు, బడి డ్రెస్సు ఇంకా విప్పలేదు. ఒకటే అడిగింది.

"అంకుల్, దీన్ని బంద్ చేసే స్విచ్చు యాడుంటది?"

"మీ బాపు ఫోన్‌ల ఉంటది బిడ్డా."

తల ఊపి లోపలికి వెళ్లిపోయింది. నేను వైఫై కలిపే పనిలో పడ్డాను.

పని పూర్తయ్యాక మల్లేశం మొదటి మాట వాళ్లమ్మ లచ్చవ్వతో మాట్లాడాడు. "అవ్వా, తిన్నవా?" అని గోడలోంచి గొంతు వచ్చేసరికి ఆమె చేతిలోని చెంబు జారవిడిచింది. కొడుకు మాటే అని తెలిశాక ఆమె సంతోషం చూడాలి. పీట తెచ్చుకుని కెమెరా కింద కూర్చుంది. "గిటు సూడు బిడ్డా, మోకాలు ఎట్ల వాచిందో" అని చీర కొంచెం పైకి జరిపి చూపించింది. కెమెరా తల కిందికి వంచి చూశాడు. మస్కట్ నుంచి మోకాలు చూసిన డాక్టరును నేను అప్పుడే చూశాను.

మూడు నాలుగు నెలల దాకా ఏ ఫిర్యాదూ లేదు. వైఫై రీఛార్జి గురించో దేనికో ఫోన్ చేసినప్పుడల్లా మల్లేశం కూతుర్ని తెగ మెచ్చుకునేవాడు. ఆయన యజమానురాలు బజారుకు వెళితే బయట బండిలో గంటలకొద్దీ కూర్చోవడమే డ్యూటీ. ఆ సమయమంతా ఫోన్‌లో ఇల్లు చూసుకునేవాడు. "కదల్తలేదు తమ్మీ. పుస్తకం ముంగట పెట్టుకుని బొమ్మ లెక్క కూసుంటది. మస్తు మారింది" అన్నాడు. మా ఇంట్లో ఇంటర్ చదివే మావాడు పుస్తకం ముందర రెండు నిమిషాలు కుదురుగా ఉండడు. నిజం చెప్పాలంటే నాకు కాస్త కుళ్లు పుట్టింది.

దసరా దాటాక ఫోన్ చేసినప్పుడు గొంతు వేరేగా ఉంది.

"తమ్మీ, బొమ్మ మంచిగ వస్తుంది, ఆవాజ్ సరిగ వస్తలేదు. పిల్ల మాట ఒక్కటి ఇనవడ్తలేదు. మైక్ ఖరాబైందా సూడు జర."

వస్తానన్నాను. ఆయన ఫోన్ పెట్టేయలేదు.

"ఫోన్ చేస్తే కూడ మాట్లాడ్తలేదు. నిద్రొస్తుందంటది, అన్నం తింటున్న అంటది. మైక్ మంచిగుండి అది మాట్లాడ్తలేదంటే మాత్రం ఏదో దాస్తున్నట్టే. పదో తరగతి కరీంనగర్‌ల హాస్టల్‌ల ఉంచి చదివిస్త. ఇంట్ల ఉంచ."

మర్నాడు వెళ్లాను. శ్రావణి తల్లి రాజమణి అరుగు మీద చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన లచ్చవ్వ. నడిమింట్లో శ్రావణి బల్ల ముందు కూర్చుని ఉంది. నేను లోపలికి అడుగుపెట్టగానే కెమెరా కిర్రుమంటూ నా వైపు తిరిగింది. బిగించిన నాకే ఎందుకో ఇబ్బందిగా అనిపించింది.

మైకు పరీక్షించడం చిన్న పని. నా ఫోన్‌లో ఆప్ తెరిచి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. అరుగు మీద బీడీ ఆకు కోసే కత్తెర చప్పుడు కూడా స్పష్టంగా వినిపిస్తోంది. అయినా దగ్గరి గొంతు ఎలా వస్తుందో చూద్దామని, "ఏదన్న ఒక మాట చెప్పు బిడ్డా" అన్నాను.

శ్రావణి నా వైపు చూసింది. నోరు తెరవలేదు. లేచి, నన్ను దాటుకుని అరుగు మీదికి నడిచింది. ఆమె వెంట కెమెరా తలుపు దాకా తిరిగి అక్కడ ఆగిపోయింది. నేనూ బయటికి వచ్చాను.

"మైక్ మంచిగనే ఉంది అంకుల్," అంది శ్రావణి. "నేనే మాట్లాడ్తలేను."

రాజమణి చేతులు ఆగాయి. "ఏందే గిది? నీ గొంతు ఇనవడ్తలేదని బాపు అక్కడ పరేషాన్ అయితుండు."

"ఇనవడి ఏం చేస్తడు? ఇంతకుముందు ఫోన్ చేసి బడిల ఏమైందని అడుగుతుండె. సార్లు ఎట్ల మాట్లాడ్తరో నేను చేసి చూపిస్తే నవ్వుతుండె. ఇప్పుడు సెలవునాడు మూడింటికి ఎందుకు పండుకున్నవని అడుగుతుండు. అందరు ఇనంగ గోడలనుంచి ఒర్లుతుండు. ఆ దినం కడుపు నొచ్చి పండుకున్న. అది గోడకు ఎట్ల చెప్పాలె?"

ఆ పిల్ల గొంతు తగ్గించి మళ్లీ నాతోనే అంది. "నేను కదిలితే అది కదుల్తది అంకుల్. ఆ సప్పుడు ఇనలేక కదలకుంట కూసుంట. లెక్క అర్థం కాకుంటే లేచి అవ్వ దగ్గరికి వచ్చి జరసేపు కూసుంటుంటి. ఇప్పుడు అదీ లేదు. రోజంత సూస్తనే ఉన్నడు కద, ఇంక ఫోన్‌ల ఏం చెప్పాలె?"

బొమ్మలా కూర్చుంటోందని మురిసిపోయిన తండ్రి, అది విని కుళ్లుకున్న నేను, ఇద్దరం గుర్తొచ్చి సిగ్గేసింది.

ఊరు దాటి బండి ఆపి మల్లేశానికి ఫోన్ చేశాను. మైకు బాగానే ఉందని చెప్పాను. బిడ్డ ఏమీ దాచడం లేదని, కెమెరా ఉన్నంతకాలం ఆ గదిలో మాట్లాడదని చెప్పాను.

"నీకు చెప్పిందా? నాకు చెప్పనిది నీకు చెప్పిందా?"

"నేను అడిగిన అన్నా."

"నువ్వు కెమెరాలు బిగించేటోనివి. బిడ్డను ఎట్ల పెంచాల్నో నాకు చెప్పకు" అని ఫోన్ పెట్టేశాడు.

నాకూ ఒళ్లు మండింది. నీ బిడ్డ, నీ కెమెరా, మధ్యలో నాకేం పోయిందనుకున్నాను. ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ, "ఆయన అన్నదాంట్ల తప్పేముంది? మనోడు ఏం చదువుతుండో నీకెరుకనా?" అంది.

వారం తిరగకముందే మల్లేశం మళ్లీ ఫోన్ చేశాడు. ముందు చాలాసేపు రీఛార్జి గురించి మాట్లాడాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు. నా మీద కోపంతో ఆ రాత్రే కెమెరాలో వాళ్లమ్మను అడిగాడట, పిల్ల ఎందుకు మాట్లాడటం లేదో నువ్వన్నా చెప్పు అని.

"మా అవ్వ ఏమన్నదో ఎరుకేనా తమ్మీ? ‘నీ గొంతు ఇనంగనే పోరి మొకం మాడిపోతుంది కొడుకా. గంత పెద్ద కన్ను పెట్టించుకున్నవ్, గది కనవడ్తలేదా నీకు’ అన్నది."

"బండిల కూసుని మళ్ల సూసిన. నిజమే తమ్మీ. నేను మాట్లాడంగనే భుజాలు గిట్ల దగ్గరికి తీసుకుంటది. ఇన్ని దినాలు సూస్తనే ఉన్న, నాకు అవుపడలే. తీసెయ్ దాన్ని."

"నాకు చెప్తే ఏమొస్తది అన్నా, బిడ్డకు చెప్పు."

"ఫోన్ ఎత్తుతలేదు కద."

"అయితే కెమెరాలనే చెప్పు. నేను రేపు పొద్దుగాల వస్త. తీసే ముంగట మాట్లాడు."

మర్నాడు ఆదివారం. నేను స్టూలెక్కి స్క్రూడ్రైవరు తీశాను. శ్రావణి బల్ల దగ్గరే ఉంది, తల ఎత్తలేదు. రాజమణి, లచ్చవ్వ గుమ్మంలో నిలబడ్డారు. నేను ఫోన్ చేసి, సిద్ధంగా ఉన్నామన్నాను.

కెమెరా కిర్రుమంది. శ్రావణి భుజాలు ముడుచుకుంది. కానీ దాని తల ఆమె మీద ఆగకుండా తిరిగి తిరిగి, ఇంక తిరగలేనంత దాకా వెళ్లి, తెల్లగోడను చూస్తూ నిలబడింది. నేను ముట్టుకోలేదు. మస్కట్‌లో ఆయనే తిప్పాడు.

"శ్రావణీ, నేను సూస్తలేను బిడ్డా. గోడ సూస్తున్న. ఉన్నవా?"

శ్రావణి తలెత్తి కెమెరా వైపు చూసింది.

"తమ్ముడు తీసేస్తుండు. ఇంక నాకేం కనవడది. ఇక్కడ బండిల ఒక్కన్నే కూసుంటే నాకు భయమైతుండె బిడ్డా, నువ్వు పెద్దగైతున్నవ్, నన్ను మర్చిపోతవేమోనని. అందుకే పెట్టిపిచ్చిన. నీ మీద అనుమానంతోని కాదు. ఉన్నవా?"

స్టూలు మీద నిలబడ్డ నేను ఎటు చూడాలో తెలియక నేనూ గోడనే చూశాను.

"ఉన్న బాపూ," అంది శ్రావణి. పుస్తకం మూసి, "లెక్కల పరీక్షల తప్పిన," అంది.

రాజమణి ఉలిక్కిపడింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అరుస్తాడేమోనని నేను లోపల్లోపల దండం పెట్టుకున్నాను.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా," అన్నాడు మల్లేశం. ఏడుస్తున్నట్టు తెలుస్తూనే ఉంది. "నాకూ లెక్కలు రాకుండె. ఏం ఫికర్ చెయ్యకు. ఫోన్ చేస్త, ఎత్తు."

స్క్రూలు విప్పేశాను. కెమెరా సంచిలో వేసుకోబోతుంటే లచ్చవ్వ అడ్డుపడింది. తన కొడుకును ఎక్కడికి తీసుకుపోతున్నావని నిలదీసింది. పిల్లకు వద్దంటే వద్దు, నాకు కావాలని మొండికేసింది. అరుగు మీద ఆమె మంచానికి ఎదురుగా బిగించాను. ఈసారి ప్లగ్గు ఆమె చేతికి అందేచోట పెట్టి, ఎలా తీయాలో నేర్పాను. నిద్ర వస్తే తనే తీసేస్తుందట. "ఇగ పో కొడుకా, నేను పండుకుంట" అని చెప్పి మరీ తీసేస్తుందట.

మరుసటి ఏడాది సెలవు మీద వచ్చినప్పుడు మల్లేశం కూతురితో కలిసి దుకాణానికి వచ్చాడు. మస్కట్‌లో శుక్రవారం ఆయనకు సెలవు. ఆ రోజు ఫోన్‌లో శ్రావణి ఆయనకు లెక్కలు చెబుతుందట. ఏడో తరగతితో ఆపేసిన మనిషి, ఒక్కటీ తొందరగా అర్థం కాదు. ఒకటే లెక్క మూడు రకాలుగా చెప్పాల్సి వస్తోందని శ్రావణి విసుక్కుంది. "చెప్పి చెప్పి దానికే వచ్చింది, నాకు రాలే" అని ఆయన నవ్వాడు. ఆ పిల్లకు ఫస్టు ర్యాంకేమీ రాలేదు. పాసైంది. పదో తరగతికి కూడా ఇంటి నుంచే బడికి వెళ్లింది.

అప్పటి నుంచి పిల్లలు చదువుకునే చోట కెమెరా కావాలని ఎవరైనా అడిగితే, ముందు పిల్లలకు ఫోన్ ఇవ్వమని వాళ్లనే అడుగుతాను. వాళ్లు సరేనంటేనే బిగిస్తాను. ఇప్పటిదాకా ఒక్కరూ సరేననలేదు. కోపమొచ్చి పక్క దుకాణానికి పోయినవాళ్లు ఉన్నారు, పోనీ. పిల్లల పెంపకం గురించి చెప్పేంత చదువు నాకు లేదు. నా పని గురించి మాత్రం చెప్పగలను. మల్లేశం కూతుర్ని నెలల తరబడి చూశాడు. ఆమె లెక్కల్లో తప్పిన సంగతి మాత్రం, చూపు గోడవైపు తిప్పుకున్నాకే తెలిసింది.