పెంచలయ్య దంపతుల అర్జీల నుంచి నేను తీసేసిన గుండుసూదులు

2022 ఎండాకాలం. ఆత్మకూరులో ఒక చిన్న గ్రంథాలయంలో పాత కాగితాలు భద్రపరిచే పని నాది. ఉదయగిరి నుంచి సుబ్బరత్నమ్మ ఒక రేకుపెట్టె తెచ్చి ఇచ్చింది. ఆమె, పోయిన భర్త పెంచలయ్య, ముప్పై ఏళ్లపాటు చుట్టుపక్కల ఊళ్ల కోసం అర్జీలు పెట్టినవాళ్లు. ఆమె చేలవెంట తిరిగి అర్జీ మీద వేలిముద్రలు వేయించుకొస్తే, ఆయన ఇంట్లో కూర్చుని ఆమె చెప్పిన వరుసలో వేరే కాగితం మీద పేర్లు రాసేవాడు. రెండూ కలిపి గుండుసూది గుచ్చి, ఒక జత ఆఫీసుకిచ్చి, ఒక జత ఈ పెట్టెలో దాచుకునేవాళ్లు.

తుప్పు సూదులు కాగితాన్ని తింటాయని చదువుకున్నాను, తీసేశాను. తేదీ ఉన్న అర్జీలను ఏళ్లవారీగా సర్ది, తేదీ లేని పేర్ల కాగితాలను వేరే ఫైల్లో పెట్టాను. ఇచ్చినవాళ్లు పెట్టుకున్న వరుసను ఒరిజినల్ ఆర్డర్ అంటారు. దాన్ని చెడగొట్టకూడదనీ చదువుకున్నాను. ఆ రోజు అది గుర్తు రాలేదు.

నెల తిరక్కుండా రమణమ్మ వచ్చింది. సోమశిల డ్యాము కింద మునిగిన ఊరి మనిషి.

"మా నాయన ఆ ఊళ్లో ఉండినాడని కాగితం తెస్తేనే ఇంటిస్థలం ఇస్తామని ఆఫీసులో అంటా ఉండారు మేడం. పెంచలయ్య సారు అర్జీలో ఆయన ఏలిముద్ర ఉండాది."

ముద్రలున్నాయి, పేర్లున్నాయి. ఏ పేర్లు ఏ ముద్రలవో తెలియదు. సుబ్బరత్నమ్మను పిలిపించాను.

"సూదులు ఎవురు పీకినారమ్మే?"

"నేనే. తుప్పు పట్టాయి."

"నా మోకాళ్లూ తుప్పు పట్టినాయి. పీకేస్తావా?"

"పేర్లు ముద్రల పక్కనే రాసుంటే ఈ తిప్పలుండేవా?"

"చేలో నిలబడి రాసేదానికి నువ్వొచ్చినావా?"

రెండు రోజులు సూది బెజ్జాలూ తుప్పు మరకలూ సరిచూశాం. రమణమ్మ నాయన పేరున్న కాగితం రెండు అర్జీలకు సరిపోయింది. ఒకటి మునిగిన ఊరి మంచినీళ్ల బావిది, ఇంకోటి దుత్తలూరు వైపు రోడ్డుది, దాంట్లో ఏ ఊరివాళ్లైనా ఉండొచ్చు.

"బావిదేనని రాసియ్యి అవ్వా," అంది రమణమ్మ.

"అదే అయ్యుంటాది. అయ్యుంటాదని సంతకం పెట్టను తల్లీ. ఒక్కటి అబద్ధమని తేలితే మేం పెట్టిన అర్జీలన్నీ అబద్ధమే అంటారు."

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, ఆమె మాట కాదనలేకపోయినందుకు. తప్పు నాదేనని ఉత్తరం రాసి, రెండు అర్జీల నకళ్లూ జతచేసి ఇచ్చాను. ఆఫీసులో అది చెల్లలేదు. రమణమ్మ మళ్లీ వచ్చి ఉత్తరం నా బల్ల మీద పెట్టింది.

"ఒక్క మాట అడిగి పీకుండొచ్చు గదా మేడం."

ఇప్పుడు ఎవరు పెట్టె తెచ్చినా కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఏది దేనితో ఎందుకు కలిపారో చెప్పించుకుని రాసుకున్నాకే మూత తీస్తాను. రమణమ్మకు మాత్రం దాంతో ఒరిగిందేమీ లేదు.