కొసరు పండు

కత్తెర తప్ప కత్తి పట్టడం రాదని ఆ దర్జీని వీధంతా ఆటపట్టించేది. అలాంటి మనిషి, భార్య మంచం పట్టాక పీచ్ పండ్ల వంటలో చెయ్యి తిరిగినవాడయ్యాడు. ఆవిడ నోటికి హితవుగా ఉండేది ఆ పండొక్కటే మరి. మొదట్లో దోర పండ్లు తెచ్చి, వేణ్ణీళ్లలో ముంచి తీసి, కుట్టు విప్పినంత ఓపిగ్గా నూగు తొక్క ఒలిచి ముక్కలు కోసేవాడు. నమలడం కష్టమయ్యాక పంచదార వేసి ఉడికించాడు. మింగడమూ కష్టమయ్యాక గరిటెతో మెదిపి, లైనింగు గుడ్డలో వడగట్టి, చెంచాతో రసం పోశాడు. "ఉప్పేశారా ఏంటి?" అని వెక్కిరించేదావిడ. గొంతు పెగలని రోజుల్లో కళ్లతోనే వెక్కిరించేది.

రోగం ముదిరేకొద్దీ పండ్ల బండామె ఇంకాస్త మగ్గినవి ఏరి అతనికోసం పక్కన పెట్టేది. భార్య పోయాక అతను బండి దగ్గరికి రావడం ఈవేళే. ఊరెళ్లి నిన్ననే తిరిగొచ్చిన బండామెకు ఆ కబురు తెలియదు. పొయ్యి వెలిగించే ఓపిక లేక, కొరుక్కు తినేవి చాలనుకుని, "ఈవేళ గట్టివే ఇవ్వమ్మా" అన్నాడు. ఆమె మొహం చేటంతయింది. "అయితే వదిన నములుతోందన్నమాట! ఎంత చల్లని కబురు చెప్పావన్నా!" అతను చెప్పబోయి, ఆ మొహం చూసి సంచి తెరిచి పట్టాడు. తూకం అయ్యాక ఆమె బాగా మగ్గిన పండొకటి వెతికి సంచిలో కొసరు వేసింది. "ఇది వదినకి." దర్జీ నాలుగడుగులు వేసి ఆగాడు. గట్టివాటి మధ్య నలిగిపోతుందని ఆ పండును బయటికి తీసి, ఇంటిదాకా అరచేతిలో పెట్టుకుని నడిచాడు.