నాలుగు వేళ్ల సందు

చలికాలంలో కువైటీలు ఎడారి విడిదికి లాక్కెళ్లే ఇంటి ట్రెయిలర్లు ఖైతాన్‌లోని మా షెడ్డుకు వచ్చేవి. రాయచోటి మెకానిక్ ఒకడు వాటి జంట చక్రాల మధ్య అరచెయ్యి దూర్చి చూసేవాడు. నాలుగు వేళ్లు పట్టకపోతే, వేడికి ఉబ్బిన టైర్లు ఒరుసుకుని పగులుతాయనేవాడు.

ఒకనాడు మాకు వీసాలిచ్చిన షెడ్డు యజమాని, కఫీల్, తన ట్రెయిలర్‌కు పెద్ద టైర్లు వేయించాడు. చెయ్యి పట్టలేదు. మెకానిక్ బండికి అడ్డం నిలబడ్డాడు. సందు సరిపోతుందా అని కఫీల్ షెడ్డు గుమాస్తానైన నన్ను అడిగాడు. టేపుతో కొలిస్తే రెండు వేళ్ల సందే తేలింది. అయినా సరిపోతుందన్నాను.

"ఖలాస్," అన్నాడు కఫీల్. కువైట్‌లో ఉండనిచ్చే మెకానిక్ ఇఖామా రద్దయింది.

వెళ్లేరోజు అతన్ని క్షమించమన్నాను.

"ఇద్దరం పోయి ఏం జేస్తామన్నా? నువ్వన్నా ఉండు. ఆ టైర్లు మాత్రం మార్పిచ్చు."

ఈ చలికాలం ఆ బండి మూడుసార్లు పిల్లలతో ఎడారికి వెళ్లింది. కఫీల్‌తో టైర్ల మాట నేనింకా అనలేదు.