పట్టుగూళ్ల గొర్రెపిల్లలు

రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, డిసెంబరు మొదటి సోమవారం నాడు, నాకు మూతపడ్డ బంగారు గనుల దగ్గరి చాంపియన్ రీఫ్స్ సర్కిల్ అప్పగించారు. నేను అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌ని. ఈ శాఖలో ఎవరి పని ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. ప్రతి కేంద్రంలోనూ మూడేళ్లు నిండిన పిల్లలకు ఆటాపాటా నేర్పేది కార్యకర్త. వంట చేసేది, పిల్లల్ని ఇళ్ల దగ్గర్నుంచి నడిపించుకొచ్చేది సహాయకి. అలాంటి కేంద్రాలు ఇరవైకి పైగా తిరిగి చూసుకునేది సూపర్‌వైజర్. మా అందరికీ పైన ప్రాజెక్టు అధికారి.

నా సర్కిల్లో అన్నిటికంటే చిన్న కేంద్రం గని కార్మికుల పాత లైన్లలో ఉండేది. ఒక గది, ముందు రేకుల వరండా, అంతే. కార్యకర్త ఫిలోమినా ఆ లైన్లలోనే పుట్టింది. వాళ్ల నాన్న గనిలోకి మనుషుల్ని దింపే ఇంజను నడిపినాయన. ఇంట్లో తమిళం, కేంద్రంలో కన్నడం, నాతో తెలుగు మాట్లాడేది. సహాయకి నాగమ్మ రాయల్పాడు నుంచి ఇక్కడికి కోడలుగా వచ్చింది. నాదీ శ్రీనివాసపురం వైపే కాబట్టి, మొదటిరోజే ఆమె నాకు వరసలు కలిపి రెండు గ్లాసుల టీ ఇచ్చింది.

ఆ టీ తాగుతూనే నేను వచ్చిన పని చెప్పాను. హాజరు తగ్గిన కేంద్రాల్ని పక్క కేంద్రాల్లో కలిపేయాలని పైనుంచి ప్రతిపాదన వచ్చింది. ఆ జాబితాలో ఇది ఉంది. పక్క కేంద్రం లారీలు తిరిగే రోడ్డుకు అవతల ఉంది. ఆ రోడ్డు దాటించి మూడేళ్ల బిడ్డను పంపే తల్లి ఒక్కతీ ఉండదు. అంటే, కలపడం అనే మాట కాగితం మీద మాత్రమే. నెలాఖరులోగా ప్రాజెక్టు అధికారిణి స్వయంగా వచ్చి చూసి తేలుస్తుంది.

"చలికాలంలో ఇట్లే మేడమ్," అంది ఫిలోమినా. "ముక్కులు కారతా ఉంటాయి. అమ్మలు పంపరు. పిల్లోళ్లే ఏడ్సి రావల్ల."

పిల్లలే పోతామని ఏడ్వాలంటే ఏం చెయ్యాలని అడిగాను. క్రిస్మస్ సెలవులకు ముందు లైన్లలో ప్రతి ఇంట్లోనూ కుడిల్ కడతారట. గడ్డితో చిన్న పశువులపాక, అందులో మనుషుల, గొర్రెల బొమ్మలు. చర్చికి వెళ్లే ఇళ్లలోనే కాదు, పక్కింటి పిల్లలు మారాం చేస్తే మిగతావాళ్లూ కడతారట. ఆ నెల మా పాఠ్యక్రమంలో అంశం ఎలాగూ 'మన చుట్టూ జంతువులు'. పాక కేంద్రంలోనే పిల్లలచేత కట్టిద్దామంది. నేను సరేనన్నాను.

మొదటి వారం నక్షత్రాలు. పాత కేలండర్ కాగితాన్ని విసనకర్రలా మడిచి, నడుమ దారం కట్టి, రెండు చివర్లూ అతికిస్తే గుండ్రంగా విచ్చుకుంటుంది. మూడేళ్ల పిల్లకు మడతలు సమంగా రావు, రానవసరమూ లేదు. అతికించడానికి మైదా ఉడికించాం. మామూలుగా పురుగు పట్టకుండా దాంట్లో మైలుతుత్తం వేస్తారు. అది విషం కాబట్టి ఫిలోమినా వెయ్యలేదు, చిటికెడు ఉప్పు మాత్రం వేసింది. ఆ ముందుజాగ్రత్త ఎంత మంచిదో పది నిమిషాల్లో తెలిసింది. నక్షత్రాలు మూడు తయారయ్యేసరికి గిన్నెలో మైదా లేదు. ఇంకొంచెం ఉప్పు పడాలని ఒక పిల్ల సలహా ఇచ్చింది.

ఆ పిల్ల పేరు పవిత్ర. నాలుగేళ్లుంటాయి. కళ్లు, ముక్కు తప్ప ఏమీ కనిపించని కోతిటోపీ పెట్టుకొని వచ్చేది. ఆ టోపీలోంచే కేంద్రాన్నంతా నడిపించేది.

తర్వాత గడ్డి. కొబ్బరిచిప్పల్లో మట్టి నింపి, నానబెట్టిన రాగులు చల్లి, రోజూ నీళ్లు చిలకరిస్తే వారం పదిరోజుల్లో పచ్చగా లేస్తుంది. మట్టి విషయంలో ఫిలోమినా చాలా కచ్చితం. బంగారం తీశాక పారబోసిన సైనైడ్ గుట్టల ఇసుక తెల్లగా, మెత్తగా, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టకూడదు. నాగమ్మ ఊరినుంచి ఎర్రమట్టి తెచ్చింది.

మట్టితోబాటే ఒక గోనెసంచీ కూడా తెచ్చింది. వాళ్ల తమ్ముడు పట్టుపురుగులు పెంచుతాడు. మార్కెట్లో ఎవరూ తీసుకోని పట్టుగూళ్లు, మచ్చపడ్డవి, రెండు పురుగులు కలిసి అల్లిన జంటగూళ్లు అందులో ఉన్నాయి. తెల్లగా, నూగుతో, పిల్లల పిడికిట్లో పట్టేంత. చూడగానే ముగ్గురం ఒకేసారి గొర్రెపిల్లలు అన్నాం.

గూటిలో పురుగు ప్రాణంతో ఉంటే కొన్నాళ్లకు సీతాకోకై బయటికొస్తుంది. అందుకే ఆవిరిలో పెట్టో, బాగా వేడి చూపించో చంపుతారు. నేను ఆ సంగతి అడిగాను. తమ్ముడు రెండురోజులు ఎండలో పోసినాడని నాగమ్మ చెప్పింది. నేను పట్టు పండే ఊళ్లో పుట్టినదాన్ని. ఒక గూడు తీసి చెవి దగ్గర ఆడించి, ఎండిన చప్పుడే అని తేల్చేశాను. ఇంకో గూడు ఆడించి చూడలేదు. డిసెంబరు ఎండకు వడియమే సరిగా ఎండదన్న సంగతి నాకు తోచలేదు.

గొర్రెపిల్ల తయారీ తేలిక. గోధుమపిండి, ఉప్పు కలిపిన ముద్దలో మందు గీకేసిన అగ్గిపుల్లలు నాలుగు గుచ్చి నిలబెట్టాలి. పైన గూడు అదిమితే అంటుకుంటుంది. ముఖానికి నల్ల కాగితం ముక్క. శనగగింజలు పెడితే అందంగా ఉంటుంది గానీ, ముక్కులో పట్టే వస్తువేదీ ఆ వయసు పిల్లల చేతికి ఇవ్వకూడదని మా నియమం. శిక్షణలో నేర్చుకున్న ప్రకారం ముందుగా నేనొక నమూనా చేసి బల్లమీద పెట్టాను.

"కుక్క," అన్నారు పిల్లలు.

"కుక్క కాదు, బన్ను," అంది పవిత్ర.

ఆ తర్వాత నమూనా వైపు ఎవరూ చూడలేదు. ఒంటిగంటకు పిల్లలు వెళ్లిపోయాక చూస్తే బల్లంతా గొర్రెలే. కొన్నిటికి మూడు కాళ్లు. ఒకదానికి రెండువైపులా ముఖం. కొన్ని వెల్లకిలా పడుకొని ఉన్నాయి. తనిఖీకి వచ్చే అధికారి కంటికి ఇవి ఎలా కనిపిస్తాయోనని నాకు భయం పట్టుకుంది. ఫిలోమినా వద్దంటున్నా వినకుండా, నాగమ్మను కూర్చోబెట్టుకొని ప్రతి గొర్రెకూ నాలుగు కాళ్లు, ఒక ముఖం ఉండేట్టు సరిచేశాను. మంద మందంతా సర్కారు గొర్రెల్లా వరసలో నిలబడింది.

మర్నాడు పొద్దున కేంద్రంలో తిరుగుబాటు జరిగింది.

"నా గొర్రెకి కాలు ఎవురు పెట్టినారు?" అని ఒకడు. తన గొర్రె వెనక్కి చూడలేదని మరొకతె. అందరికంటే పెద్ద గొంతు పవిత్రది. "నా గొర్రెకి ఐదు కాళ్లు! గీరుకునేదానికి ఒకటి! అది యాడ పోయింది?"

ఆ కాలు నేనే పీకాను. చెత్తబుట్టలో వెదికి తీసి, పవిత్ర ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. "ఆడ కాదు మేడమ్, కడుపు కింద," అని ఆమె చూపించిన చోట గుచ్చాను. తక్కిన పిల్లలు నా వెనక బారు కట్టారు. పన్నెండింటిదాకా నేను గొర్రెల కాళ్లు పీకుతూ, పెడుతూ ఉన్నాను. ఫిలోమినా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడవైపు తిరిగి నిలబడింది. భుజాలు ఊగుతున్నాయి. ఆ వారమంతా ఒక్క పిల్లా ఇంట్లో నిలవలేదు. జ్వరం వచ్చినవాళ్లను వెనక్కి పంపడమే పెద్ద పని అయింది.

గొర్రెలు చేసిన ఎనిమిదోరోజు ప్రాజెక్టు అధికారిణి జీపు పది గంటలకు వచ్చింది. ఆమెది వేరే జిల్లా, మాట కన్నడం, తెలుగు అర్థమవుతుంది. నవ్వగా చూసినవాళ్లు మా ఆఫీసులో లేరు. తనిఖీ పత్రంలో వరసగా గడులుంటాయి: పిల్లలు వేళ్లతో పని చెయ్యగలరా, రంగులు చెప్పగలరా, చూసినదాన్ని మాటల్లో పెట్టగలరా. ఆమె పెన్ను తీసి, హాజరు చూసి, తల పంకించి, పాక దగ్గరికి వచ్చింది. పచ్చటి రాగిగడ్డిలో గొర్రెలన్నీ నిలబడి ఉన్నాయి. ఐదు కాళ్ల దాన్ని చేతిలోకి తీసుకొని, ఇదేమిటని నన్ను అడిగింది.

నేను నోరు తెరిచేలోపు గొర్రె కదిలింది.

గూటి ఒక కొసన తడి మచ్చ లేచింది. అది మెత్తబడి, చిల్లు పడి, అందులోంచి రెండు మీసాలు, వాటి వెనక ఒక తెల్లటి తల బయటికొచ్చాయి.

"గొర్రె స్వెటరు ఇప్పతా ఉండాది!" అని కేక పెట్టింది పవిత్ర.

పిల్లలు ఒక్క ఉరుకున పాక మీద పడ్డారు. అప్పుడు చూస్తే ఇది ఒక్కటే కాదు. ఇక్కడొకటి, అక్కడొకటి, మందంతా కదులుతోంది. బయటికొచ్చినవి నలిగిన రెక్కలు సాపు చేసుకుంటూ గడ్డిమీద గుండ్రంగా తిరుగుతున్నాయి. ఎవరి గొర్రె ముందు విప్పిందో చెప్పడానికి తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకేసారి మొదలయ్యాయి. తన గొర్రె ఇంకా విప్పలేదని ఒకడు దాని చెవిలో బతిమాలుతున్నాడు.

అధికారిణి పురుగు, పురుగని కన్నడంలో "హుళ! హుళ!" అంటూ గొర్రెను వదిలేసి, పిల్లలు కూర్చునే చిన్న కుర్చీ ఎక్కి నిలబడింది. అప్పటికే గూట్లోంచి బయటపడిన పురుగు మాత్రం ఆమె మణికట్టు మీదే ఉండిపోయింది. ఇక కేంద్రం సంగతి అయిపోయిందనుకున్నాను.

పవిత్ర కుర్చీ దగ్గరికి నడిచింది. "అది కరవదు మేడమ్. దానికి తినే నోరే లేదంట, నాగమ్మవ్వ చెప్పినాది. చెయ్యి ఇట్ల చాపు. ఆడించొద్దు, బెదురుకుంటాది."

ఆమె చెయ్యి చాపింది. పురుగు అరచేతిలోకి నడిచి రెక్కలు టపటపలాడించింది. ఆ గిలిగింతకు మొదట మూతి బిగబట్టింది గానీ, బతిమాలి బతిమాలి విసిగిపోయిన పిల్లవాడు తన గొర్రెను చూపించి "మేడమ్, మీరైనా చెప్పండి దీనికి" అనేసరికి ఆగలేకపోయింది. కుర్చీమీద నిలబడే నవ్వింది. నవ్వుతూ దిగి చాపమీద కూర్చుంది. ఆమె ఒళ్లో ముగ్గురు, భుజం మీద రెండు పురుగులు. మధ్యాహ్నం దాకా లేవలేదు. పత్రంలోని ప్రశ్న ఒక్కటీ అడగాల్సిన పని పడలేదు. పురుగు ఎలా వచ్చింది, ఏ రంగు, ఎన్ని కాళ్లు, ఎందుకు ఎగరలేదు, అన్నీ పిల్లలే చెప్పారు. ఆమె గడులు నింపుకుంటూ పోయింది.

వెళ్లేముందు మాత్రం ముఖం మామూలుగా పెట్టుకొని, గూళ్లను ఎవరు పరీక్షించారని అడిగింది. నాగమ్మ ముందుకు రాబోయింది. నేను ఆపి, నేనేనని చెప్పాను.

మీది ఏ ఊరని అడిగింది. శ్రీనివాసపురం వైపు అన్నాను.

అక్కడ పట్టు పెంచరా అని అడిగింది.

ఆమె జీపెక్కింది. జీపు మలుపు తిరిగేదాకా లోపలినుంచి నవ్వు వినిపించింది.

మర్నాడు పొద్దున నేను మరిచిపోయి వచ్చిన తనిఖీ పుస్తకం కోసం వెళితే వరండాలో నిలబడటానికి చోటు లేదు. తల్లులు, తాతలు, పొరుగు లైన్ల పిల్లలు, పాలబండి ఆపి వచ్చిన ఒకాయన, అందరూ స్వెటరు విప్పే గొర్రెల్ని చూడటానికి వచ్చారు. పుస్తకం పాక పక్కనే తెరిచి ఉంది. 'విశేషాలు' అనే గడిలో ఒక పురుగు ఆవగింజల్లాంటి పసుపుపచ్చని గుడ్లు వరసగా పెట్టింది. తుడిస్తే పోలేదు. వాటి కిందే సంతకం పెట్టి పైకి పంపాను. ఆ గుడ్లు ఏమిటని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సంక్రాంతి దాటాక వచ్చిన ఉత్తర్వులో కలపాల్సిన కేంద్రాల పేర్లున్నాయి. అందులో ఈ కేంద్రం పేరు లేదు.

వృత్తిపరంగా నేను నేర్చుకున్నది చెప్పి ముగిస్తాను. పట్టుగూళ్లతో పిల్లలచేత బొమ్మలు చేయించాలనుకునేవారు పురుగు వెళ్లిపోయిన చిల్లుగూళ్లే వాడాలి. చెవి దగ్గర ఆడించి చూడటం పరీక్ష కాదు, కొన్నిటిని కోసి చూడాలి. ఇక తనిఖీ సంగతి. అంతకుముందు నేను ఏ కేంద్రానికి వెళ్లినా పిల్లలు చేసిన వస్తువును చూసి, నచ్చితే మార్కు వేసి వచ్చేదాన్ని. ఆ డిసెంబరు తర్వాత ముందు పిల్లను పిలిచి, ఇదేమిటో చెప్పమని అడిగేదాన్ని. ఆ పిల్ల చెప్పడం పూర్తయ్యాకే వస్తువును చూసేదాన్ని. రిటైరయ్యేదాకా ఆ వరస మార్చలేదు.