పెదనాన్న పెద్దకర్మ స్లైడ్లు

మా పెదనాన్న మిర్చి యార్డులో కొట్టు మూసేశాక స్లైడ్లు చెయ్యడం నేర్చుకున్నాడు. అప్పట్నుంచీ చుట్టాలెవరికీ సుఖం లేదు. మోకాళ్ళ నొప్పి మీదైనా సరే స్లైడ్లు చేసి, అక్షరాలు గిరగిరా తిరుగుతూ వచ్చేలా పెట్టి, లింకు కుటుంబం గ్రూపులో పడేసేవాడు. మరుక్షణం ఫోను చేసేవాడు.

"ఎన్నో స్లైడులో ఉన్నావురా?"

చివరికి తన పెద్దకర్మ భోజనానికి కూడా స్లైడ్లు చేశాడు. కాకపోతే ఆ లింకు ఎవరైనా మార్చగలిగేలా పంపాడు. పెద్దమ్మ తమ్ముడు, మా పొదిలి మామయ్య, వెంటనే వంటకాల్లో మిరపకాయ బజ్జీ చేర్చాడు. పెదనాన్న తీసేశాడు. మామయ్య మళ్ళీ చేర్చాడు.

"ఒరేయ్, నా కర్మకి నీ బజ్జీలేంట్రా?" అని పెదనాన్న గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"తినేది మేం గదా బావా! నువ్వేమన్నా లేచొస్తావా?" అన్నాడు మామయ్య.

అంతే, ఇద్దరి మధ్యా మాటలు పోయాయి. స్లైడులోంచి బజ్జీ కూడా పోయింది.

నిరుడు పెదనాన్న పోయాడు. పెద్దకర్మకి ఏం వండాలని వంటమేస్త్రి అడిగితే ఆ లింకు తెరిచాను. గారెల పక్కన బజ్జీ ఉంది. మామయ్య వైపు గుర్రుగా చూశాను.

"నీ మీదొట్టు, నేను కాదురా" అన్నాడు.

ఆఖరున మార్చిందెవరో చూస్తే పెదనాన్న పేరే ఉంది. ఇంతలో స్లైడు అడుగున గిరగిరా తిరుగుతూ ఇంకో వాక్యం వచ్చి నిలబడింది.

"మా బావమరిదికి మాత్రం గింజలు తియ్యకుండా వెయ్యండి."