తలుపు కింద తడి టవల్

ఇవాళ ఆదివారం. అమ్మానాన్న డ్యూటీకి వెళ్లారు. ఒక్కదాన్నే కోడిగుడ్ల కూర వండుకుంటూ, తెలియకుండానే కిటికీ మూసేశాను. ఇది సొంత ఫ్లాటే, అయినా భయం పోలేదు.

మాంసం వండకూడదనే అద్దె ఇళ్లలో పెరిగినవాళ్లూ, మీకు గుర్తుందా? ఫరీదాబాద్‌లో చికెన్ వండినప్పుడల్లా మేం తలుపు కింద తడి టవల్ పెట్టి, అగరబత్తులు వెలిగించేవాళ్లం. ఒకసారి ఓనర్ ఆంటీ కూతురు తలుపు కొట్టింది. నాకున్న ఒకే ఒక్క ఫ్రెండ్ అది.

"ఖేల్‌నే ఆజా యార్! అందర్ హై నా తూ?" లోపలే ఉన్నావు కదా, ఆడుకుందాం రమ్మని పిలిచింది.

"పలక్కు తల్లీ, తెలిస్తే ఇల్లు ఖాళీ చేయిస్తారు," అంది అమ్మ గుసగుసగా.

నోరు మూసుకుని నిలబడ్డాను. అది మెట్లెక్కి వెళ్లిపోయింది. అమ్మ నా ప్లేటులో లెగ్ పీస్ వేసింది.

అది మళ్లీ ఎప్పుడూ నన్ను ఆటకి పిలవలేదు.