ఒక్క ఆది అడిగితే మూడు సంచులు

మా కోడలు దర్జీ. పెళ్ళిళ్ళ సీజన్లో మా ఇంటి అరుగు మీద ఆడవాళ్ళు బారులు తీరేవారు. అలాంటి మనిషి ఈ పరాయి దేశం వచ్చి రెండేళ్ళు చేతులు ముడుచుకుని కూర్చుంది. నాలుగో అంతస్తులో రెండు గదులు, కిటికీ తీస్తే ఎదుటివాళ్ళ కిటికీ. మా అబ్బాయి గోదాములో పెట్టెలు మోసి ఇంటికొచ్చి పెళ్ళాం మొహం చూస్తే వాడికి అన్నం సహించేది కాదు.

"ఈ ఒక్కసారి ప్రయత్నిస్తాను. కుదరకపోతే నేనూ పాపా అత్తయ్యతో వెళ్ళిపోతాం" అని మొగుడితో తెగేసి చెప్పింది. బజారులో బట్టలు సరిచేసే దుకాణం ఒకటుంది. ఆ దుకాణం ఆవిడ వారం రోజులు పని చూసి, ఉంచుకునేదీ లేనిదీ శనివారం చెబుతానంది.

నిజం చెప్పేస్తున్నాను, అది ఓడిపోవాలనే నేను కోరుకున్నాను. ఆరు నెలలకని వచ్చాను, నెలాఖరుకి తిరుగు టిక్కెట్టు. ఇంకో ఏడాది ఉండొచ్చమ్మా అని అబ్బాయి పోరుతున్నా నేనే వినలేదు. కోడలూ మనవరాలూ వెంట వస్తే నాకంటే అదృష్టవంతురాలెవరు? వాళ్ళు వచ్చేస్తే వాడు మాత్రం ఒంటరిగా ఎన్నాళ్ళుంటాడు? పాపిష్టిదాన్ని, అలాగే అనుకున్నాను.

బుధవారం నడుము వంగిన పెద్దావిడ ఒకావిడ నీలం కోటు తెచ్చింది, భుజాలు సరిచేయమని. "టేపు పట్టుకోగానే ఎవరైనా నిటారుగా నిలబడి ఊపిరి బిగబడతారత్తయ్యా. ఆ కొలతతో కుడితే ఇంటికెళ్ళి వంగగానే పట్టేస్తుంది" అంటుంది మా కోడలు. అందుకే ఊళ్ళో ఎవరొచ్చినా ముందు "ఆది ఏదీ?" అనేది. ఒంటికి అమరిన పాత జాకెట్టు ఇస్తే దాన్ని పరిచి, అదే కొలతకి కొత్తది కుట్టడం. మన దగ్గర చిన్నపిల్లకైనా తెలుసు, ఇక్కడ ఎవరికి తెలుసు? దీనికి వచ్చిన భాష పాతిక మాటలు. "పాత బట్ట, రేపు, తీసుకురండి" అని తన చొక్కా చెయ్యి లాగి చూపించి, పెద్దావిడ కదా అని దణ్ణం పెట్టింది. ఆ దణ్ణమే కొంప ముంచింది.

గురువారం పెద్దావిడ మూడు సంచులతో దిగింది. ఒకటి తనది, రెండు ఇరుగుపొరుగువి. దుకాణం ఆవిడ మొహం మాడ్చుకుని ఏదో పొడుగ్గా అంది. అర్థం కాకపోయినా మా కోడలు సరే సరే అంటూ తలూపింది. మా కోడలికున్న జబ్బే అది.

ఇంటికి తెచ్చి చూస్తే ఒక సంచిలో చీటీ ఉంది. రెండో తరగతి చదివే మా మనవరాలు బుడ్డది కూడబలుక్కుని చదివి మాకు చెప్పింది. "ఇవి మీ ఇంటిల్లిపాదికీ సరిపోతాయనుకుంటా. ఇంకా కావాలంటే మొహమాటపడకుండా అడుగు."

కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. దుకాణం ఆవిడ ఎందుకు మండిపడిందో అప్పుడర్థమైంది. "గిరాకీల దగ్గర చెయ్యి చాపానని అనుకుని ఉంటుంది. మనం అడుక్కునేవాళ్ళలా ఉన్నామా అత్తయ్యా?" అని ఏడ్చింది.

"పోనిద్దూ, చొక్కాలు బానే ఉన్నాయి" అన్నాడు మా సుపుత్రుడు, ఒకటి ఒంటికి ఆనించి చూసుకుంటూ. నేను చూసిన చూపుకి మళ్ళీ సంచిలో పెట్టాడు.

నేను కోరుకున్నదే జరుగుతోంది, సంతోషించాలి కదా. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. పదిహేనేళ్ళు వీధి వీధంతటికీ బట్టలు కుట్టిపెట్టిన మనిషి. ఓడి రానీ, పరవాలేదు. తల దించుకుని రావడం నాకు వద్దు. "రేపే తీసుకెళ్ళి వాళ్ళ మొహాన కొట్టు" అన్నాను.

"ఆవిడ మంచి మనసుతోనే ఇచ్చింది. అలా చేస్తే నొచ్చుకుంటుంది. ఉంచుకుంటే మనం చిన్నబోతాం" అని ముక్కు చీది, సంచులు కుమ్మరించింది. ఏరి ఏరి మోచేతులు పలచబడ్డ బూడిదరంగు జాకెట్టు తీసింది. వీపు దగ్గర సాగి, ముందు ముడతలు పడి, పెద్దావిడ వంగిన తీరంతా అందులో ఉంది. "ఇదిగో, ఆది" అంది.

శుక్రవారం దుకాణంలో కోటుని దానికి సరిపెట్టింది. సాయంత్రం ఇంట్లో మిగతా బట్టల పని పట్టింది. ఊడిన గుండీలు, విడిన అంచులు, చిరిగిన జేబులు. వద్దన్నా వినక నేనూ సూది పట్టాను. నా కుట్టు చూసి "ఇది కుట్టడమా, పగ తీర్చుకోవడమా అత్తయ్యా?" అంది. "విప్పి మళ్ళీ కుట్టుకో, నాకేం" అన్నాను. చాలా రోజులకి అది నవ్వింది.

శనివారం కోడలూ నేనూ బుడ్డదీ తలా ఒక సంచి మోసుకుని దుకాణానికి వెళ్ళాం. పెద్దావిడ అప్పటికే వచ్చి కూర్చుంది. బుడ్డది దుబాసీ. "మా అమ్మ అడిగింది కొలత చూడ్డానికి, వేసుకోడానికి కాదు" అని అది చెప్పగానే పెద్దావిడ చెవుల దాకా ఎర్రబడింది. మా కోడలు ఆవిడకి కోటు తొడిగింది. ఆవిడ వంగి సంచిలోంచి తన బట్ట ఒకటి తీసింది. కోటు భుజాల దగ్గర పట్టలేదు, వెనక లేవలేదు. మళ్ళీ వంగింది, ఈసారి ఊరికే. ఆ తర్వాత బాగుచేసిన జేబులో వేలు పెట్టి తడిమి చూసి, మా కోడలి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

దుకాణం ఆవిడ కోటు విప్పించి, పాత జాకెట్టు పక్కన పరిచి చాలాసేపు చూసింది. బుడ్డదానితో ఏదో అంది.

"ఎల్లుండి నుంచి రోజూ రమ్మంటోంది నానమ్మా. సాయంత్రం ఆరింటి దాకా."

బడి మూడింటికే వదిలేస్తారు. వాళ్ళ నాన్న ఇల్లు చేరేసరికి ఎనిమిది. కోడలు నా వైపు చూసింది. అడగడానికి నోరు రాలేదు దానికి.

మా ఇంటి అరుగు నా కళ్ళ ముందు మెదిలింది. బాధేసింది, ఎందుకు దాచాలి?

"వస్తుందని చెప్పవే" అన్నాను బుడ్డదానితో.

"మరి నువ్వు ఊరెళ్ళాలిగా?"

"ఊరెక్కడికీ పోదు. ముందు మీ బడికి దారి చూపించు."

కోడలు అక్కడే, అందరి ముందూ, నా భుజం మీద తల పెట్టేసింది. "లే, నలుగురూ చూస్తున్నారు" అన్నాను గానీ, నేనూ కదల్లేదు.